సదరం శాతాలకు అందని ఎంఎస్ తొలి నెలలు

దివ్యాంగ పింఛన్ల పునఃపరిశీలనతో 2025లో రాష్ట్రమంతటా రేగిన వివాదం, విశాఖపట్నంలో మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎంఎస్) అనే మెదడు, వెన్నుపాము నరాల జబ్బు కొత్తగా బయటపడినవారి పాత ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది: వచ్చిపోయే జబ్బును శాతాల్లో కొలవడం ఎలా? సదరం ధ్రువపత్రంలో కనీసం 40 శాతం వైకల్యం నమోదైతేనే నెలకు 6,000 రూపాయల పింఛను వస్తుంది. ఈ రోగుల్లో చాలామంది, వైకల్యాన్ని కొలిచే సదరం శిబిరానికి తమ కాళ్ల మీద నడిచి వచ్చేవారే.

 నేటి చిక్కు మొదలైంది 2001లో. అంతకు ముందు సాధారణంగా రెండో దాడి, అంటే లక్షణాలు మరోసారి విజృంభించడం, వచ్చేదాకా వైద్యులు ఈ వ్యాధి పేరు ఖాయం చేసేవారు కారు. ఇయాన్ మెక్‌డొనాల్డ్ అధ్యక్షతన అంతర్జాతీయ బృందం ఆ ఏడాది ప్రకటించిన ప్రమాణాలు, కొంతకాలం తర్వాత తీసిన ఎంఆర్ఐలో కొత్త మచ్చ కనబడినా సరిపోతుందన్నాయి. 2017 నాటి సవరణతో వెన్ను నీటి పరీక్షకూ ఆ విలువ దక్కింది. ఆ విధంగా నిర్ధారణ ముందుకు జరిగింది గాని, రోగికి అందే ఆసరా మాత్రం కాలు ఈడ్చే దశ దగ్గరే ఆగిపోయింది.

ఆ మధ్యకాలంలో జరిగేది ఇది. పాతికేళ్ల యువతికి ఒక కన్ను మసకబారుతుంది, కనుగుడ్డు తిప్పితే నొప్పి. మూడు నుంచి అయిదు రోజులు సెలైన్‌లో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఎక్కిస్తారు. చూపు వస్తుంది, ఇంట్లో దిష్టి తీస్తారు, ఫైలు బీరువాలోకి వెళ్తుంది. స్టెరాయిడ్ ఆ దాడిని త్వరగా తగ్గిస్తుందే తప్ప తర్వాతి దాడిని ఆపదని, అందుకు వేరే మందు ఏళ్ల తరబడి వాడాలని ఆ మంచం పక్కనే ఎవరైనా కూర్చుని చెప్పవలసి ఉంది. మే నెల ఉక్కలో కింగ్ జార్జ్ ఆసుపత్రి దిగువన కేజీహెచ్ డౌన్ స్టాపులో బస్సు దిగి, ఎత్తు మీది కేజీహెచ్ అప్ దాకా ఎక్కేసరికి అదే కన్ను మళ్లీ మసకబారితే, ఒళ్లు వేడెక్కినప్పుడు, పైన కప్పి ఉండే మైలిన్ పొర దెబ్బతిన్న నరంలో సంకేతం తడబడుతుందని, చల్లబడితే సర్దుకుంటుందని తెలియక ఆమె హడలిపోతుంది. జర్మన్ కంటి వైద్యుడు ఉథాఫ్ దీనిని 1890లోనే వర్ణించాడు. గర్భం చివరి నెలల్లో దాడులు తగ్గుతాయని, కాన్పయిన తొలి మూడు నెలల్లో పెరుగుతాయని 1998లో వెలువడిన యూరప్ అధ్యయనం తేల్చింది. పెళ్లి కుదిరిన ఇంట్లో ఈ సంగతి విలువ ఇంతా అంతా కాదు.

శాతమనే కొలత లేకపోతే బోగస్ ధ్రువపత్రాలను ఆపలేమని అధికారులు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. 1995 నాటి దివ్యాంగుల చట్టంలో లేని ఈ వ్యాధి, 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో చేరింది. అయితే దాడులు వచ్చిపోయే జబ్బును ఒక్క ఉదయపు పరీక్షతో కొలవడం ఎలా అన్న బాధితుల ప్రశ్నకు ఆ జాబితాలో జవాబు లేదు. పింఛను సంగతి అలా ఉంచినా, రాత పరీక్షలో అభ్యర్థి తరఫున జవాబులు రాసే లేఖకుణ్ని ఇవ్వడానికి 40 శాతం షరతు పెట్టరాదని వికాస్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 1985లో ముంబయిలో మొదలైన మల్టిపుల్ స్క్లిరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా కొత్త రోగులకు తోడ్పడుతోంది. అయితే రోగి చేతికి వచ్చే డిశ్చార్జి కాగితంలో మామూలుగా ఉండేవి మందుల పేర్లు, మళ్లీ రావలసిన తేదీ మాత్రమే.