వాట్లను కాస్త తూర్పారబడదాం

"ఇంట్లో ఒక స్పిట్జ్ కుక్క, ఒక పిల్లి. ఎనిమిది వేల లోపు వాక్యూమ్ క్లీనర్ కొనాలి. వెయ్యి వాట్లది సరిపోతుందా, పదహారు వందల వాట్లది కావాలా?" బొచ్చు రాల్చే జంతువుని పెంచుకునే ఇళ్ల నుంచి వచ్చే ప్రశ్నలన్నీ అటూ ఇటుగా ఇలాగే ఉంటాయి. తిరకాసంతా ప్రశ్నలోనే ఉంది. వాట్లంటే యంత్రం మేసే మేత. అది ఇచ్చే పాల లెక్క వేరు. యూరోపియన్ యూనియన్‌లో 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్లు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు దాటిన వాక్యూమ్ క్లీనర్లను మార్కెట్లోకి రానివ్వడం లేదు. అక్కడ ఎన్నో ఇళ్లలో గోడ నుంచి గోడ దాకా తివాచీలు ఉంటాయి. అయినా పని జరిగిపోతోంది.

పాల లెక్క ఇదీ. యంత్రం నోటిని అరచేత్తో పూర్తిగా మూస్తే లోపల ఒత్తిడి ఎంత పడిపోతుందో అది ఒక అంకె. నోరు బార్లా తెరిచి వదిలేస్తే సెకనుకి ఎన్ని లీటర్ల గాలి పోతుందో అది ఇంకో అంకె. మొదటిది 20 కిలో పాస్కల్స్, రెండోది 32 లీటర్లు ఉన్న వెయ్యి వాట్ల యంత్రం ఒకటి అనుకుందాం. ఇవి రెండూ ఒకేసారి ఎప్పుడూ దొరకవు. మూసినప్పుడు గాలి సున్నా, తెరిచినప్పుడు ఒత్తిడి తేడా దాదాపు సున్నా. పని జరిగేది ఆ రెంటి మధ్యలో, సుమారుగా 10 కిలో పాస్కల్స్, 16 లీటర్ల దగ్గర. గుణిస్తే 160 వాట్లు. మేసింది వెయ్యి, ఇచ్చింది 160. మిగతాది వేడి, రొద.

అట్టపెట్టె మీద మాత్రం ఒక్క మొదటి అంకే పెద్దగా అచ్చేస్తారు. అదీ చాలనట్టు 18 కిలో పాస్కల్స్ అనకుండా "18,000 పాస్కల్స్" అంటారు. కొందరు నీటి మిల్లీమీటర్లలో రాస్తారు. వెయ్యి మిల్లీమీటర్లంటే 10 కిలో పాస్కల్స్‌కి కాస్త తక్కువ. సెకనుకి ఎన్ని లీటర్లో కూడా రాసిన పెట్టె కనిపిస్తే ఆ కంపెనీకి ఒక మార్కు ఎక్కువ వేయవచ్చు.

ఇంతకీ బొచ్చుని లేపేది గాలి వేగం. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టడం చూసినవాళ్లకి ఇది సగం తెలిసినట్టే. చేటతో పైనుంచి పోస్తుంటే గట్టి గింజ కాళ్ల దగ్గరే రాలుతుంది, తాలూ పొట్టూ గాలివాటున పోతాయి. కదలని గాలిలో ప్రతి వస్తువూ తనకంటూ ఒక వేగంతో కిందకి దిగుతుంది. దాన్ని దిగుడు వేగం అందాం. వీచే గాలి అంతకంటే జోరుగా ఉంటే వస్తువు గాలితో పోతుంది, లేకపోతే నేలకి దిగుతుంది. వడ్లగింజ దిగుడు వేగం సెకనుకి కొన్ని మీటర్లు. కుక్కల, పిల్లుల పైబొచ్చు కింద దాగి ఉండే మెత్తని లోబొచ్చు మందం 20 మైక్రాన్లకి అటూ ఇటూ ఉంటుంది, మన తలవెంట్రుకలో మూడో వంతో ఇంకా తక్కువో. దాని దిగుడు వేగం సెకనుకి కొన్ని సెంటీమీటర్లే. సీలింగ్ ఫ్యాన్ గాలి అంతకు ఎన్నో రెట్లు. అంటే రోజంతా ఇంట్లో తూర్పారపోత నడుస్తూనే ఉంది. బొచ్చంతా మంచాల కిందా తలుపుల వెనకా ఉండలుగా చేరడానికి కారణం అదే. కొండచీపురు ఒక్క విసురు విసిరితే సగం మళ్లీ లేస్తుంది. అందుకని ఊడ్చేటప్పుడైనా యంత్రం పెట్టేటప్పుడైనా ముందు ఫ్యాను కట్టేసి, ఒక నిమిషం ఆగి మొదలుపెట్టాలి. ఖర్చు లేని ఈ పని చాలా ఇళ్లలో చేయరు.

అంత తేలికైనదాన్ని లేపడానికి మోటారు ఎందుకంటే, పీల్చడం ఊదడం అంత సులువు కాదు కాబట్టి. అడుగు దూరం నుంచి కొవ్వొత్తిని ఊది ఆర్పవచ్చు. అదే దూరం నుంచి గాలి పీల్చి ఆర్పడం ఎవరి తరమూ కాదు. ఊదిన గాలి ఒకే దిక్కున ధారగా పోతుంది; పీల్చేటప్పుడు అన్ని వైపుల నుంచీ వస్తుంది. గొట్టం మూతి నుంచి దూరం రెట్టింపైతే గాలి వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. "వాక్యూమ్ లాగుతుంది" అని బడిలో చెప్పేస్తాం గానీ, శూన్యానికి లాగే చేతులు లేవు. బయటి గాలి లోపలికి తోసుకొస్తూ దారిలో దొరికినదాన్ని వెంటబెట్టుకుపోతుంది, అంతే. దీనికి ఇంకో చిక్కు తోడు: నేలని ఆనుకుని ఉన్న పలుచని గాలి పొర దాదాపు కదలదు. టైలుకి అతుక్కుని పడుకున్న వెంట్రుక ఆ పొర మాటున హాయిగా ఉంటుంది.

కాబట్టి నాజిల్ పెదవికీ నేలకీ మధ్య సందు ఎంత అన్నదే అసలు ప్రశ్న. 27 సెంటీమీటర్ల వెడల్పు నాజిల్‌కి ముందూ వెనకా కలిపి 54 సెంటీమీటర్ల పెదవి. సందు 3 మిల్లీమీటర్లైతే మన 16 లీటర్ల గాలి అందులోంచి సెకనుకి 10 మీటర్ల వేగంతో దూరుతుంది. సందు ఒక సెంటీమీటరైతే 3 మీటర్లే. మోటారు అదే, కరెంటు అదే. గాలి మూడో వంతు కంటే తక్కువ వేగానికి పడిపోయింది. నాజిల్ మీద కాలితో నొక్కే మీట ఉంటుంది. టైల్స్ మీద బ్రష్షు కుచ్చు కిందకి దించాలి, బట్ట మీద పైకి ఎత్తాలి. కుచ్చు అరిగినా ఒక పక్కకి వాలిపోయినా సందు తేడా వస్తుంది. బొచ్చు ఉండలు లోపలికి పోకుండా నాజిల్ ముందు దొర్లుతుంటే కుచ్చు వాటిని అడ్డుకుంటున్నట్టు. ముందు అంచుని వేలెడు ఎత్తి, ఉండ మీదకి దించాలి. కొనేటప్పుడు వెనకనుంచి వచ్చే గాలి ఎటు పోతుందో కూడా చూడాలి. నేలవైపు ఊదే యంత్రం మీరు చేరేలోపే బొచ్చుని సోఫా కిందకి తరిమేస్తుంది.

నిజానికి మన ఇళ్లలో టైల్స్, గ్రానైట్ మీది బొచ్చు పెద్ద సమస్యే కాదు. వైపర్ రబ్బరుతో పొడిగా లాగినా తాళ్లుగా చుట్టుకుని వచ్చేస్తుంది. తడిగుడ్డ మాత్రం ముందు పెట్టకూడదు. తడిసిన బొచ్చు నేలకి అంటుకుపోతుంది. డబ్బు పెట్టి కొనేది సోఫా, దివాన్, పరుపు, కాళ్లు తుడుచుకునే పట్టాల కోసం. అక్కడ గాలి ఒక్కటే చాలదు. వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పలకలు కొసవైపు వాలి ఉంటాయి. కొస నుంచి కుదురు వైపు వేళ్లతో రాస్తే గరుకు తెలుస్తుంది. అందువల్ల కుక్క దొర్లినప్పుడల్లా, మనం కూర్చున్నప్పుడల్లా వెంట్రుక కుదురువైపే ముందుకి జరుగుతూ బట్ట నేతలోకి దూరుతుంది, వెనక్కి రాదు. ఉన్నిని తొక్కి కంబళి గట్టిపరిచేదీ ఈ గుణంతోనే. పాలిస్టర్ కవరైతే రాపిడితో పుట్టే విద్యుత్తు దీనికి తోడవుతుంది. పొడిగా ఉండే హైదరాబాద్ మార్చి నెలలో ఈ బాధ ఎక్కువ, విశాఖ ఉక్కలో తక్కువ.

అలా దూరినదాన్ని ముందు దువ్వి లేపాలి. గాలితో తిరిగే చిన్న టర్బో బ్రష్ చేసేది అదే. లోపల ఒక చిన్న గాలిమర, దాని బెల్టుతో తిరిగే రోలరు. మన 160 వాట్లలో కొంత ఇదే తినేస్తుంది. మెత్తటి సోఫా మీద గట్టిగా అదిమితే గాలి ఆగి, మర ఆగి, రోలరూ ఆగిపోతుంది. కిర్రుమనే చప్పుడు ఆగిందంటే చేతి బరువు తగ్గించమని. పెట్టెలో ఈ బ్రష్ రాకపోతే విడిగా దొరుకుతుంది. కొనేముందు పైపు కొలవాలి. ఎక్కువగా ఉండేవి 32, 35 మిల్లీమీటర్ల కొలతలు, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. ఆ ఖర్చూ వద్దనుకుంటే రబ్బరు గ్లౌజు కాస్త తడి చేసి ఒకే దిక్కుగా నిమిరి, చేరిన ఉండల్ని చేత్తో తీసేసి, బట్ట ఆరాక యంత్రం పెట్టవచ్చు.

రోలరుకి చుట్టుకునే వెంట్రుకల విషయంలో కుక్క మీద నింద పడుతుంది. లెక్క చూద్దాం. నేల బ్రష్ రోలరు వ్యాసం 4 సెంటీమీటర్లైతే చుట్టుకొలత పన్నెండున్నర. 3 సెంటీమీటర్ల లాబ్రడార్ వెంట్రుక దానికి పావు చుట్టు కూడా రాదు, ఊడిపోయి లోపలికి పోతుంది. 50 సెంటీమీటర్ల జడ వెంట్రుక నాలుగు చుట్లు చుట్టుకుని, ఇక తన మీద తానే బిగుసుకుంటుంది. ఆ తాడులో చిక్కుకునే కుక్కబొచ్చు కంటికి కనబడుతుంది కాబట్టి దానికి చెడ్డపేరు. రెండున్నర సెంటీమీటర్ల చిన్న రోలరుకి మాత్రం చుట్టుకొలత దాదాపు ఎనిమిదే, కాబట్టి స్పిట్జ్, పర్షియన్ పిల్లి పొడుగు బొచ్చు కూడా కొంత చుట్టుకుంటుంది. వారానికోసారి రోలరు తీసి, పొడుగునా కత్తెర పెట్టి కోసి లాగేయాలి. రెండు చివర్లా బేరింగుల దగ్గర చేరినది పట్టకారుతో తీయాలి. బెల్టు తెగేదీ ప్లాస్టిక్ కరిగేదీ అక్కడే.

యంత్రం గొంతు సన్నగా కీచుమంటే "పాపం, కష్టపడుతోంది" అనుకుంటారు. సరిగ్గా వ్యతిరేకం. దారి మూసుకుపోతే తోయడానికి గాలి ఉండదు, పని తగ్గి మోటారు ఉత్తినే ఇంకా వేగంగా తిరుగుతుంది. ప్రమాదం వేరే చోట ఉంది: పొడి చెత్తకి మాత్రమే పనికొచ్చే యంత్రాల్లో మోటారుని చల్లబరిచేది ఆ పీల్చిన గాలే. కీచు వినగానే ఆపి సంచి, ఫిల్టరు, గొట్టం మెలికలు, నాజిల్ మెడ వరసగా చూడాలి. వేడికి దానంతట అదే ఆగిపోతే అరగంట పైన చల్లారనివ్వాలి.

చవక రకాల్లో సంచి ఉన్నది మేలా, సంచి లేనిదా అంటే సంచి ఉన్నదే. సంచి లేనిదాంట్లో గాలి సుడి తిరిగి చెత్తని గోడకి విసురుతుంది. ఇసుక, మట్టి ఆ విసురుకి చక్కగా లొంగుతాయి. బొచ్చు లొంగదు, మధ్యలోని జల్లెడకి చుట్టుకుని తెర కట్టేస్తుంది. లీటరు డబ్బా ఒక్క స్పిట్జ్ బొచ్చుకే రెండు గదుల్లో నిండిపోతుంది. పైగా డబ్బా దులిపినప్పుడల్లా పొడి ముఖాన కొడుతుంది. పిల్లి వెంట్రుక మింగితే ఆయాసం వస్తుందని మనవాళ్లు అనేదాంట్లో నేరం వెంట్రుకది కాదు. పిల్లి ఉమ్ములో, చర్మపు జిడ్డులో ఉండే ఫెల్ డి 1 అనే ప్రొటీన్ ఎండి, అయిదు మైక్రాన్ల కంటే చిన్న రేణువులుగా కూడా గాలిలో తేలుతుంది. వెంట్రుక దానికి ఒక వాహనం. ఇంట్లో అలర్జీ ఉన్నవాళ్లుంటే అతి సన్నని రేణువుల్ని కూడా పట్టే హెపా ఫిల్టరు ఉండాలి, సంచి దులిపేది వాళ్లు కాకూడదు. "హెపా టైప్" అని రాసి ఉంటే ఆ "టైప్" అన్న మాటని గట్టిగా చదవాలి, అది అసలు హెపా కాకపోవచ్చు. కడిగే ఫిల్టరైతే 24 గంటలైనా నీడలో ఆరాలి. వానాకాలంలో తడి ఆరకుండా పెడితే వచ్చే వాసనకి కుక్కని తిట్టి లాభం లేదు.

ఎనిమిది వేల లోపు ఎంపిక ఇక తేలికే: వైరు ఉన్నది, 1000–1200 వాట్లు, రెండు లీటర్లకి తగ్గని సంచి, టర్బో బ్రష్. 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్ల ప్లగ్గు మోసేది 1380 వాట్లు; 1600 వాట్లదైతే 16 ఆంపియర్ల ప్లగ్గు ప్రతి గదిలోనూ వెతుక్కోవాలి. ఈ ధరలో వైరు లేనివాటికి 100–150 వాట్ల మోటార్లు ఉంటాయి. టైల్స్ మీద రోజూ తిప్పడానికి బాగానే ఉంటాయి, పరుపు మీద తేలిపోతాయి. తనంతట తానే తిరిగే రోబో వాక్యూమ్‌ల జోలికి, కుక్కపిల్లకి మలమూత్రాలకు బయటికి వెళ్లే అలవాటు ఇంకా పడకముందు, వెళ్లవద్దు. ఆ రోబో ఇల్లంతా చేసే అలుకు చూడలేరు.

దీపాలు పెట్టాక ఇల్లు ఊడవకూడదంటారు. గుడ్డి వెలుగులో చెవిదిద్దు శీల చెత్తలో పోకూడదన్న జాగ్రత్త అందులో ఉందంటారు. ఈ యంత్రం పట్టపగలే శీలని మింగగలదు కాబట్టి సంచిని పాత పేపరు మీద దులపడం మంచిది. ముగ్గుపిండి, విభూతి, అగరబత్తి నుసి దీనితో తీయకూడదు. అంత మెత్తటి పొడి సంచి రంధ్రాల్ని ఒక్కసారికే పూడ్చేస్తుంది. సువాసన కోసమని సంచిలో కలరా ఉండలో కర్పూరమో వేసే అలవాటుంటే మానుకోవాలి. మోటారు వేడిగాలి వాటిని ఆవిరి చేసి గది నిండా ఊదుతుంది. ఆ రెండూ పిల్లులకీ కుక్కలకీ విషమే.