గ్రూప్ మ్యాచ్‌లు: అపోహలు - వాస్తవాలు (బెంచ్ పక్కన లాప్‌టాప్‌తో కూర్చునే మనిషి మాట)

నేను మహిళల ఫుట్‌బాల్ జట్లకు మ్యాచ్ అనలిస్ట్‌ని. ప్రత్యర్థుల వీడియోలు ముక్కలు చేసి కోచ్ ముందు పెట్టడం, మ్యాచ్ రోజు బెంచ్ పక్కన కూర్చుని పాయింట్ల పట్టిక ఏ నిమిషానికి ఎటు మారుతోందో చెప్పడం నా పని. పెద్ద టోర్నీ వచ్చిన ప్రతిసారీ గ్రూప్ దశ గురించి అవే మాటలు వినిపిస్తుంటాయి. అందరికీ విడివిడిగా జవాబిచ్చే ఓపిక అయిపోయింది, అందుకే ఒకేచోట రాసేస్తున్నా. మేం గ్రూప్ దశను (ఒక్కో జట్టుకు మూడు మ్యాచ్‌లు, ఒక్కోటి 90 నిమిషాలు) 270 నిమిషాల ఒకే మ్యాచ్‌లా చూస్తాం, కింద చెప్పేది దాదాపు అంతా ఆ లెక్కలోంచి వచ్చేదే.

అపోహ: మహిళల ఆటకు బంతి చిన్నది, గోల్ చిన్నది, టైమ్ తక్కువ.

లేదండీ. బంతి అదే 5వ నంబరు సైజు, గోల్ అదే 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు, ఆట అదే 90 నిమిషాలు. 1991లో చైనాలో జరిగిన మొదటి ప్రపంచకప్‌లో మాత్రం 80 నిమిషాలే ఆడించారు, గెలిస్తే రెండు పాయింట్లే ఇచ్చారు. 1995 నుంచి 90 నిమిషాలు, మూడు పాయింట్లు. ఇంకా ఎవరైనా అడిగితే ఈ పేరా చూపించండి చాలు.

అపోహ: గ్రూప్‌లో చిత్తుగా ఓడిన జట్టు కప్పు కొట్టలేదు.

2023 ప్రపంచకప్‌లో వెల్లింగ్టన్‌లో జపాన్ చేతిలో స్పెయిన్ 4-0తో ఓడింది. బంతి చాలాసేపు స్పెయిన్ కాళ్ల దగ్గరే ఉంది, జపాన్ దగ్గర పావు వంతు సమయం కూడా లేదు, అయినా దొరికిన ఖాళీల్లోకి మెరుపులా దూసుకెళ్లి నాలుగు కొట్టేశారు. ఆ రాత్రి చాలామంది స్పెయిన్ కథ ముగిసిందన్నారు. మూడు వారాల తర్వాత సిడ్నీ ఫైనల్లో ఇంగ్లండ్‌ను 1-0తో ఓడించి కప్పు ఎత్తింది ఆ స్పెయినే, జపాన్ ఏమో క్వార్టర్స్‌లో స్వీడన్ చేతిలో ఇంటిదారి పట్టింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఆ మ్యాచ్‌కు ముందే రెండు జట్లూ చెరో రెండు గెలిచి ముందుకు వెళ్లిపోయాయి, తేలాల్సింది మొదటి స్థానం ఎవరిదన్నది ఒక్కటే. రెండోది, మా వాళ్లకు ఎక్కువ ఆసక్తి కలిగించేది: ఆ ఓటమి స్పెయిన్‌కు ఎక్కడ చిల్లు ఉందో చూపించింది, నాకౌట్‌లో అయితే ఆ పాఠం నేర్చుకునేసరికి విమానం ఎక్కేసి ఉండేవాళ్లు. తర్వాతి మ్యాచ్‌కు కోచ్ గోల్‌కీపర్‌తో సహా ఐదుగురిని మార్చాడు. కొత్త కీపర్ కాటా కోల్‌కు సీనియర్ జట్టు తరఫున అదే మొదటి మ్యాచ్, స్విట్జర్లాండ్ మీద 5-1తో గెలిచారు, ఫైనల్ దాకా ఆ అమ్మాయే కీపర్. 2011లో కప్పు గెలిచిన జపాన్ కూడా గ్రూప్‌లో ఇంగ్లండ్ చేతిలో 2-0తో ఓడి, రెండో స్థానంలో వచ్చి, క్వార్టర్స్‌లో ఆతిథ్య జర్మనీని ఎదుర్కోవాల్సి వచ్చిన జట్టే.

అపోహ: ఒక మ్యాచ్‌లో అరడజను గోల్స్ కొడితే ఇక సేఫ్.

క్రికెట్ నెట్ రన్‌రేట్ అలవాటైన వాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. గోల్స్ తేడా (కొట్టినవాటిలోంచి తిన్నవి తీసేస్తే వచ్చేది) పాయింట్లు సమానమైనప్పుడే పనికొస్తుంది, లేకపోతే అది పట్టికలో ఒక అంకె, అంతే.

2023లో జర్మనీ మొదటి మ్యాచ్‌లో మొరాకోను 6-0తో ఉతికేసింది. తర్వాత కొలంబియాతో 1-1 దగ్గర ఉండగా ఇంజురీ టైమ్‌లో 97వ నిమిషంలో మనుయెలా వనెగాస్ తలతో కొట్టిన గోల్‌కు ఓడింది, చివరికి దక్షిణ కొరియాతో 1-1 డ్రా. నాలుగు పాయింట్లు, గోల్స్ తేడా ప్లస్ 5. మొరాకో ఏం చేసింది? ఆరు తిన్న ఆ జట్టే కొరియాను 1-0తో, కొలంబియాను 1-0తో గెలిచింది. ఆరు పాయింట్లు, గోల్స్ తేడా మైనస్ 4. ముందుకెళ్లింది మొరాకో! రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన జర్మనీ మొట్టమొదటిసారి గ్రూప్ దశలోనే వెనుదిరిగింది. పెర్త్‌లో తమ మ్యాచ్ ముగించుకున్న మొరాకో అమ్మాయిలు మైదానంలోనే గుమిగూడి, బ్రిస్బేన్‌లో ఇంకా సాగుతున్న జర్మనీ మ్యాచ్‌ను ఫోన్‌లో చూస్తూ నిలబడ్డారు. ఎన్ని గోల్స్ తేడాతో ఓడినా పోయేది మూడు పాయింట్లే అని కొత్త అమ్మాయిలకు చెప్పాలంటే నేను ఆ గ్రూప్ పట్టికనే తెర మీద పెడతాను.

అపోహ: చిన్న జట్టు మీద పదమూడు గోల్స్ కొట్టడం పొగరు, ఆరు దగ్గర ఆపేయాలి.

2019లో రీమ్స్‌లో అమెరికా థాయ్‌లాండ్‌ను 13-0తో ఓడించినప్పుడు (అలెక్స్ మోర్గాన్ ఒక్కరే ఐదు) ఎంత గొడవ జరిగిందో గుర్తుండే ఉంటుంది. సంబరాలు మరీ ఎక్కువయ్యాయా అంటే, అది వేరే చర్చ, అందులో నాకూ కాస్త అనుమానం ఉంది. కానీ గోల్స్ కొట్టడం ఆపాలనడం మాత్రం ఈ దశ ఎలా నడుస్తుందో తెలియని మాట. అదే గ్రూప్‌లో స్వీడన్ ఉంది. చివరి మ్యాచ్ వాళ్లతోనే. అది డ్రా అయితే మొదటి స్థానాన్ని తేల్చేది గోల్స్ తేడానే. ఆ మొదటి రోజు సాయంత్రం అమెరికా కోచ్‌కు అది అవసరం పడదని ఎలా తెలుస్తుంది? పైగా ఎదుటి జట్టును చూసి జాలిపడి ఊరికే బంతి అటూ ఇటూ తిప్పడం అంతకంటే పెద్ద అవమానమని చాలామంది ఆటగాళ్లే అంటారు. థాయ్‌లాండ్ తర్వాతి మ్యాచ్‌లో స్వీడన్ చేతిలో 5-1తో ఓడినా, కాంచనా సుంగ్‌గోయెన్ కొట్టిన ఆ ఒక్క గోల్‌కు వాళ్ల బెంచ్ ఏడ్చేసింది. ఎవరూ దానం చేయని గోల్ కాబట్టే ఆ ఏడుపుకు అంత విలువ.

అపోహ: డ్రా కోసం ఆడటం పిరికితనం.

జమైకాను అడగండి. 2023లో వాళ్లు మూడు మ్యాచ్‌ల్లో కొట్టింది ఒకే ఒక్క గోల్. ఫ్రాన్స్‌తో 0-0, పనామా మీద 1-0, బ్రెజిల్‌తో 0-0. ఐదు పాయింట్లతో ప్రిక్వార్టర్స్‌కు వెళ్లారు. గెలిస్తే తప్ప నిలవని బ్రెజిల్, తమ దిగ్గజం మార్తా తన ఆఖరిదని చెప్పిన ప్రపంచకప్‌లో గ్రూప్ దాటలేకపోయింది. తొంభై నిమిషాలు వరుస చెదరకుండా, బాక్స్ ముందు ఖాళీ ఇవ్వకుండా ఆడటం ఎంత కష్టమో ట్రాకింగ్ డేటా (ప్రతి ఆటగత్తె ఏ క్షణాన మైదానంలో ఎక్కడ ఉందో చెప్పే లెక్క) చూసేవాళ్లకు తెలుస్తుంది, టీవీలో బంతి వెంట తిరిగే కెమెరా అది చూపించదు.

అపోహ: పాయింట్లు సమానమైతే, ముఖాముఖిలో గెలిచినవాళ్లు పైన.

టోర్నీని బట్టి. అందుకే మేం మొదట తెరిచేది నిబంధనల పుస్తకం, ప్రత్యర్థి వీడియోలు ఆ తర్వాతే.

2023 ప్రపంచకప్‌లో మొదట గోల్స్ తేడా, తర్వాత కొట్టిన గోల్స్, ఆ తర్వాతే ముఖాముఖి. న్యూజిలాండ్ తొలి మ్యాచ్‌లో నార్వేను 1-0తో ఓడించింది, ప్రపంచకప్‌లో వాళ్లకు అదే మొదటి గెలుపు. ఆఖరికి ఇద్దరికీ నాలుగేసి పాయింట్లు. నార్వే ఫిలిప్పీన్స్ మీద ఆరు గోల్స్ కొట్టి ఉండటంతో నార్వే ముందుకు, ఆతిథ్య జట్టు ఇంటికి. అదే యూరో (యూరప్ జట్ల టోర్నీ) నిబంధనలైతే ముఖాముఖి ముందు చూస్తారు, న్యూజిలాండ్ దాటేసేది. అదే ఫలితాలు, పుస్తకం మారితే జట్టు మారిపోతుంది.

అన్నీ సమానమైతే? 2023 ప్రపంచకప్ పుస్తకం ప్రకారం కార్డులు లెక్కపెట్టాలి, అదీ తేలకపోతే చీటీ తీయాలి. నవ్వకండి, 2013 యూరోలో డెన్మార్క్, రష్యా వేర్వేరు గ్రూప్‌ల్లో రెండేసి పాయింట్లతో మూడో స్థానాల్లో నిలిస్తే, మిగిలిన ఒక్క క్వార్టర్స్ చోటు కోసం నిజంగానే చీటీ తీశారు. డెన్మార్క్ పేరు వచ్చింది, ఆ జట్టు తర్వాత క్వార్టర్స్‌లో ఫ్రాన్స్‌ను పెనాల్టీల్లో ఓడించి సెమీస్ చేరింది.

ఇక పాయింట్లు మైదానంలోనే పోతాయనుకోకండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రత్యర్థి ప్రాక్టీస్ మీద డ్రోన్ ఎగరేసిన వ్యవహారంలో కెనడాకు ఆరు పాయింట్లు కోత పెట్టారు. మూడుకు మూడు గెలిచిన జట్టు మూడు పాయింట్లతో క్వార్టర్స్‌కు వెళ్లింది. (నా వృత్తిలో ఉన్నవాళ్లకు ఆ వారం చాలా ఇబ్బందిగా గడిచింది.)

అపోహ: మూడో మ్యాచ్‌కు లెక్క తేలిపోయి ఉంటుంది, కార్డులు కూడా చెరిగిపోతాయి.

రెండూ తప్పే. గ్రూప్‌లో ఆఖరి రెండు మ్యాచ్‌లు ఒకేసారి మొదలవుతాయి. పురుషుల 1982 ప్రపంచకప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తమకు సరిపోయే 1-0 దగ్గర ఆట ఆపేసి అల్జీరియాను ముంచినప్పటి నుంచి వచ్చిన జాగ్రత్త అది. ఆ రోజు బెంచ్ మీద ఉండే టెన్షన్ ఇంకే రోజూ ఉండదు. పక్క స్టేడియం స్కోరు నాకు తెలుస్తుంది, కోచ్‌కు చెప్తాను, అమ్మాయిలకు చెప్పాలా వద్దా అన్నది ఎప్పటికీ తెగని గొడవ. 2023లో అమెరికా-పోర్చుగల్ మ్యాచ్ 0-0గా ఉండగా ఇంజురీ టైమ్‌లో ఆనా కాపేతా కొట్టిన బంతి పోస్ట్‌కు తగిలింది. కొన్ని అంగుళాలు లోపలికి వెళ్లి ఉంటే డిఫెండింగ్ ఛాంపియన్ అమెరికా గ్రూప్‌లోనే అవుట్.

అదే మ్యాచ్‌లో అమెరికా అమ్మాయి రోజ్ లవెల్‌కు టోర్నీలో రెండో ఎల్లో కార్డు పడింది. ఆ టోర్నీలో ఒంటరి ఎల్లోలు చెరిగేది క్వార్టర్స్ అయ్యాకే, కాబట్టి స్వీడన్‌తో ప్రిక్వార్టర్స్‌కు ఆమె లేదు, ఆ మ్యాచ్ పెనాల్టీల్లో పోయింది. మూడో మ్యాచ్‌లో ఒక కార్డు ఉన్న అమ్మాయిని అరవయ్యో నిమిషంలో బయటికి తీస్తే కోచ్‌ను తిట్టేముందు ఆ సంగతి చూడండి.

అపోహ: జట్లు 32 అయితే నాణ్యత పడిపోతుంది.

2023లో కొత్తగా వచ్చినవి ఎనిమిది. మొరాకో కథ చెప్పాను. ఫిలిప్పీన్స్ ఆతిథ్య న్యూజిలాండ్‌ను ఓడించింది, జాంబియా కోస్టారికాను 3-1తో గెలిచింది, హైతీ మీద ఇంగ్లండ్ 1-0తో బయటపడటానికి కీపర్ ఆపేసిన పెనాల్టీని మళ్లీ కొట్టాల్సి వచ్చింది. భారీ స్కోర్లూ ఉన్నాయి, కాదనను.

అపోహ: మూడో స్థానం అంటే ఇంటికే.

గ్రూప్‌ల సంఖ్యను బట్టి. 2015, 2019 ప్రపంచకప్‌లలో ఆరు గ్రూప్‌లు, ఆరు మూడో స్థానాల్లో మెరుగైన నాలుగు ముందుకు వెళ్లేవి. దానివల్ల ఎవరితో పోటీ పడుతున్నావో కూడా తెలియని పరిస్థితి వస్తుంది. 2019లో చిలీ చివరి మ్యాచ్‌లో థాయ్‌లాండ్ మీద మూడు గోల్స్ తేడాతో గెలవాలి. 2-0 దగ్గర పెనాల్టీ దొరికింది, అది క్రాస్‌బార్‌కు తగిలింది. చిలీ అవుట్, ఆ రోజు మైదానంలోకే దిగని నైజీరియా లోపలికి. 2022 ఆసియా కప్‌లో ఇంకో చిక్కు: ఆతిథ్య భారత్ కోవిడ్ వల్ల జట్టును దించలేక తప్పుకోవడంతో ఇరాన్‌తో ఆడిన 0-0 డ్రా కూడా రద్దయింది. ఆ గ్రూప్ మూడు జట్లదైంది కాబట్టి, మూడో స్థానాలను పోల్చేటప్పుడు మిగతా గ్రూప్‌ల్లో నాలుగో జట్టు మీద వచ్చిన ఫలితాలనూ పక్కన పెట్టారు.

2027లో బ్రెజిల్‌లో 32 జట్లు, ఎనిమిది గ్రూప్‌లు, కాబట్టి మొదటి రెండు స్థానాలే లెక్క. 2031లో జట్లు 48కి, గ్రూప్‌లు పన్నెండుకు పెరుగుతున్నాయి. పన్నెండు గ్రూప్‌ల నుంచి ఇద్దరేసి వస్తే 24 మందే, నాకౌట్ 32కు నిండదు, మూడో స్థానాల కూడికలు తీసివేతలు మళ్లీ మా నెత్తినే పడతాయి.