మేఘనకు, కార్తీక్‌కు: ఆ ఎలుకల సంగతి

బ్రాడీపేట, గుంటూరు.

చి॥ మేఘనకు, చి॥ కార్తీక్‌కు అమ్మమ్మ దీవెనలు.

మొన్న ఫోనులో మీ ఇద్దరి వాదన సగంలోనే ఆగిపోయింది. మనిషి క్యాన్సర్ గడ్డను తీసుకెళ్లి ఎలుకలో పెంచడమేమిటి, పాపం కాదా అని కార్తీక్. మరి మందులు ఎలా వస్తాయిరా అని మేఘన. అన్నం తినే వేళ ఆ మాటలేంటని మీ అమ్మ ఫోను లాగేసుకుంది కాబట్టి, ఇలా రాస్తున్నాను. నేను మెడికల్ కాలేజీలో పెథాలజీ చెప్పినదాన్నే గానీ ఎలుకల ల్యాబులో పనిచేసినదాన్ని కాదు. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన గడ్డలు కోసి చూడటం మాత్రం నా ఉద్యోగం.

ముందు జబ్బు సంగతి తెలియాలి. ఓవరీ (అండాశయం) క్యాన్సర్ నొప్పితో మొదలవ్వాలని లేదు. కాస్త కడుపు ఉబ్బరం, రెండు ముద్దలు తినగానే పొట్ట నిండిపోవడం, మాటిమాటికీ బాత్రూముకు వెళ్లాల్సి రావడం, అంతే. మన ఇళ్లలో ఆడవాళ్లు గ్యాస్ అనుకుని మెడికల్ షాపు నుంచి బిళ్లలు తెప్పించుకుని నెలలు నెట్టేస్తారు. లంగా బొందు చాలడం లేదని గమనించేసరికి పొట్టలో నీరు చేరి ఉంటుంది. అందుకే ఎక్కువమందిలో మూడో దశలోనో నాలుగో దశలోనో బయటపడుతుంది. ఎక్కువగా కనిపించే రకాన్ని హై గ్రేడ్ సీరస్ అంటారు. పేరుకు ఓవరీ క్యాన్సరే గానీ, ఇది చాలామందిలో అండం గర్భసంచికి చేరే గొట్టం, అంటే ఫెలోపియన్ ట్యూబు, చివర కుచ్చులా ఉండే చోట పుడుతుంది.

ఆపరేషన్ చేసి, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే మందులు మూడు వారాలకోసారి, మామూలుగా ఆరుసార్లు ఎక్కిస్తారు. మొదట్లో చాలామందికి బాగా పనిచేస్తాయి. ఇంట్లోవాళ్లు మొక్కులు కూడా తీర్చుకుని వస్తారు. తర్వాత చాలామందిలో జబ్బు తిరగబెడుతుంది, తిరగబెట్టిన కొద్దీ అవే మందులకు లొంగడం మానేస్తుంది. ఎందుకు లొంగదు? ఇంకే మందుకు లొంగుతుంది? ఒకావిడ మీద ఐదు మందులు వరసగా వేసి చూడలేం కదా.

ఇన్నేళ్లూ ఈ ప్రశ్నను ఎక్కువగా ప్లాస్టిక్ డిష్‌లలో పెంచిన కణాల మీదే వేశారు. అవి డిష్‌లో బతకడానికి అలవాటుపడిపోయిన కణాలు. పైగా ఎస్‌కేఓవీ3, ఏ2780 అని లెక్కలేనన్ని పరిశోధనలకు ఆధారమైన రెండు రకాల కణాలు అసలు హై గ్రేడ్ సీరస్‌ను పెద్దగా పోలి లేవని 2013లో ఒక అధ్యయనం చూపింది. అప్పటిదాకా వాటి మీద పెట్టిన ఖర్చు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఉసూరుమంటుంది.

అందుకే గడ్డనే ముక్కగా తీసి ఎలుకలో నాటారు. నూజివీడు తోటల్లో మామిడి అంటు చూశారుగా. వేరు నాటు చెట్టుది, పైన కొమ్మ బంగినపల్లిది. నీళ్లూ సత్తువా కింద చెట్టువి, కాయ మాత్రం బంగినపల్లే. ఎలుక రక్తంతో బతుకుతున్నా ఆ గడ్డ ఆ మనిషి గడ్డ లక్షణాలనే చాలావరకు నిలుపుకుంటుంది.

మామూలు ఎలుకలో ఇది కుదరదు. పరాయి కణాన్ని దాని ఒళ్లు తరిమేస్తుంది. 1962లో గ్లాస్గోలోని ఒక ఆసుపత్రి ల్యాబులో వెంట్రుకల్లేని ఎలుకలు పుట్టాయి. రోగనిరోధక కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి వాటికి లేదని, అందుకే రోగనిరోధక శక్తి తక్కువని 1968లో తేలింది. మరుసటి ఏడాదే డెన్మార్క్‌లో ఇద్దరు పరిశోధకులు మనిషి పేగు క్యాన్సర్‌ను అలాంటి ఎలుకలో పెంచగలిగారు. ఇప్పుడు వాడే ఎన్‌ఎస్‌జీ రకం ఎలుకలకు ఆ శక్తి ఇంకా తక్కువ. వాటికి మేత, నీళ్లు, కింద పరిచే పొట్టు, అన్నీ క్రిములు లేకుండా చేసే పెట్టాలి. జలుబు చేసిన మనిషిని ఆ గదిలోకి రానివ్వరు.

గడ్డ తీయగానే ఒక ముక్కను పోషక ద్రవంలో వేసి, ఐసు పెట్టెలో పెట్టి పరుగున ల్యాబుకు చేరుస్తారు. అక్కడ బ్లేడుతో రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలు చేస్తారు. పెద్ద గడ్డ మధ్యలో చచ్చిపోయిన భాగం పసుపుపచ్చగా, పిసికిన జున్నులా ఉంటుంది. దాన్ని వదిలేసి, గట్టిగా, తెల్లగా ఉన్న అంచు నుంచే తీసుకోవాలి. ఎలుకకు మత్తిచ్చి, పక్క చర్మం కింద చిన్న జేబులా చేసి ముక్కను అందులో పెట్టి కుట్టేస్తారు. ఈ జబ్బు పొట్టలోనే పాకుతుంది కాబట్టి కొందరు ఓవరీ దగ్గరే నాటుతారు, ఇంకొందరు కణాలను పొట్టలోకి ఎక్కిస్తారు.

ఇక ఎదురుచూపు. వారాలు కావచ్చు, నెలలు కావచ్చు. కొన్ని అసలు పెరగవు. చర్మం కింద పెరిగితే కాలిపర్ అనే కొలత పరికరంతో కొలుస్తారు. మేఘనా, నీ రికార్డులో రాసుకోదగ్గ లెక్క ఇది: పొడవును వెడల్పు వర్గంతో హెచ్చవేసి సగం చెయ్యాలి. పొడవు 10, వెడల్పు 6 మిల్లీమీటర్లయితే 180 ఘన మిల్లీమీటర్లు.

నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే ఆసక్తిగా తోచేది ఆ తర్వాతి మెట్టు. పెరిగిన ప్రతి గడ్డా మనం నాటిందే కానక్కర్లేదు! గడ్డ ముక్కలో ఆ మనిషి తెల్లరక్తకణాలు కూడా కొన్ని వచ్చేస్తాయి. చాలామంది ఒంట్లో ఎప్పట్నుంచో నిద్రపోతూ ఉండే ఎప్‌స్టీన్ బార్ వైరస్ వాటిలో ఉంటే, అడ్డు చెప్పే రోగనిరోధక శక్తి లేని ఎలుకలో అవే చెలరేగి లింఫోమా, అంటే తెల్లరక్తకణాల క్యాన్సర్, గడ్డ కడతాయి. పైనుంచి చూస్తే తేడా తెలియదు. ఓవరీ మందును లింఫోమా మీద పరీక్షిస్తూ కూర్చుంటారన్నమాట. అందుకని ముక్క పరీక్ష తప్పనిసరి. స్లైడు మీద ఓవరీ గడ్డ కణాల గుర్తైన పాక్స్8కు రంగు పట్టి, తెల్లరక్తకణాల గుర్తైన సీడీ45కు పట్టకపోతే నిశ్చింత. డీఎన్‌ఏ గుర్తులు కూడా ముక్క ఇచ్చినావిడ గుర్తులతో సరిపోవాలి.

అది తేలాక గడ్డను మరిన్ని ఎలుకలకు అంటు కడతారు. కొన్నిటికి మందు, కొన్నిటికి ఉత్త సెలైన్. అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వాళ్లు 2014లో ప్రచురించిన పనిలో ఎలుకల్లోని గడ్డలు కార్బోప్లాటిన్ లాంటి ప్లాటినం మందులకు స్పందించిన తీరు రోగులు స్పందించిన తీరుతో సరిపోయింది. డీఎన్‌ఏకు తగిలిన దెబ్బలను సరిచేసే బీఆర్‌సీఏ జీన్ చెడిన గడ్డల మీద ఒలాపరిబ్ లాంటి మందులు ఎందుకు పనిచేస్తాయో, కొన్నాళ్లకు ఎందుకు మానేస్తాయో చూడటానికీ ఈ ఎలుకలు అక్కరకొచ్చాయి.

కానీ మేఘనా, నువ్వు చెప్పినంత సులువు కూడా కాదు. ఒక తరం నుంచి ఇంకో తరానికి మార్చేకొద్దీ గడ్డలో క్యాన్సర్ కణాలకు ఆసరాగా ఉండే మనిషి కణాలు పోయి ఎలుక కణాలు వచ్చేస్తాయి. రోగనిరోధక శక్తితో పనిచేయించే మందులను ఈ ఎలుకలో పరీక్షించలేం. మనిషి రక్త మూలకణాలు ఎక్కించిన ఎలుకలతో ఆ లోటు కొంత పూడుస్తున్నారు, అవేమో బాగా ఖరీదు. అన్నిటికంటే పెద్ద చిక్కు కాలం. ఆరు కీమోలకు దాదాపు నాలుగు నెలలు. ఎలుకలో గడ్డ పెరిగి, పంచి, మందు వేసి చూసేసరికి ఆవిడ మొదటి వైద్యం అయిపోవచ్చు. జబ్బు తిరగబెడితే ఆ ఫలితం ఆవిడకే పనికి రావచ్చునేమో గానీ, ఎక్కువగా అది ఇంకెవరికో.

కార్తీక్, నీ మాటకు జవాబు. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఒక జాతీయ కమిటీ ఉంది. దాని కింద ప్రతి సంస్థలో ఎథిక్స్ కమిటీ ఉండాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకు, వేరే దారి ఉందా అన్నది అక్కడ తేలాకే అనుమతి. గడ్డ ఇంత పెరిగినా, బరువు ఇంత తగ్గినా ఎలుకకు నొప్పి లేకుండా ప్రాణం తీయాలని ముందే రాసి పెట్టుకుంటారు. కొత్త మందును మనుషుల మీద పరీక్షించే ముందు జంతు పరీక్ష తప్పదన్న నిబంధనను 2022లో అమెరికా సడలించింది. గడ్డ కణాలనే డిష్‌లో చిన్న ఉండలుగా పెంచే ఆర్గనాయిడ్ల మీద కొన్ని ప్రశ్నలకు ముందుగానే జవాబు వస్తోంది, అక్కడ ఎలుక అక్కర్లేదు. గడ్డ పొట్టంతా ఎలా పాకుతుంది, నీరు ఎలా చేరుతుంది, మందు ఒంట్లోకి వెళ్లి అక్కడిదాకా చేరుతుందా అంటే మాత్రం ఇంకా ఒళ్లున్న ప్రాణి కావాల్సి వస్తోంది. ఇష్టమై కాదురా.

మేఘన చివర్లో ఒకటి అడిగింది, ముక్క ఇచ్చినావిడకు సంగతి చెబుతారా అని. ఆపరేషన్‌కు ముందే తెలుగులో రాసిన అంగీకార పత్రం చదివి వినిపించాలి. "దీనివల్ల నాకేమన్నా లాభమా అమ్మా?" అని అడిగితే, బహుశా ఉండదనే చెప్పాలి. ఉంటుందని ఆశపెట్టి సంతకం తీసుకోవడం తప్పు. ఎలుకల ల్యాబుకు పేరు వెళ్లదు, ఒక నంబరే వెళుతుంది. అయితే బీఆర్‌సీఏ లోపం లాంటిది బయటపడితే, అది వంశంలో వచ్చేది కావచ్చు కాబట్టి ఆవిడ కూతుళ్లకూ అక్కచెల్లెళ్లకూ కూడా అది ముఖ్యమే. అలాంటివి తెలిస్తే నాకు చెప్పండి, లేదా చెప్పొద్దు అని పత్రంలో గళ్లుండాలి. ఆవిడ ఏ గడిలో టిక్కు పెట్టారో చూసుకుని, కౌన్సెలింగ్‌కు పిలిచి, రక్త పరీక్షతో మళ్లీ నిర్ధారించుకున్నాకే డాక్టరు నోరు విప్పాలి.

ప్రేమతో,
అమ్మమ్మ