పేగు తాడు నుంచి పోలీసు కాపలా దాకా: ‘కార్డన్’ కథ

తెల్లవారుజామున పోలీసులు బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేస్తే మన పత్రికలు ‘కార్డన్ సెర్చ్’ అని రాస్తాయి. చదివితే లాఠీలు, బారికేడ్లే గుర్తొస్తాయి. కానీ ఫ్రెంచి నుంచి ఇంగ్లిషులోకి వచ్చిన ఈ మాటకు అసలు అర్థం సన్నటి తాడు. ఇంకా వెనక్కి వెళితే గ్రీకు ‘ఖోర్దే’ కనిపిస్తుంది. అంటే జంతువు పేగు, ఆ పేగును పేనిన వాద్యం తీగ.

ఫ్రాన్స్‌లో తాడు కాస్తా పట్టీ అయింది. 1578లో మూడో హెన్రీ రాజు స్థాపించిన వీరుల కూటమి సభ్యులు నీలం పట్టీకి శిలువ తగిలించుకునేవారు. ‘నీలం కార్డన్’ అన్న ఆ పేరే తర్వాత చేయి తిరిగిన వంటవాళ్లకు బిరుదైంది. కోటగోడ మీద పట్టీలా పొడుచుకొచ్చే రాతి వరసనూ, బారుగా నిలబెట్టిన సైనికులనూ కూడా కార్డన్ అనేవారు.

ఈ సైనికుల కార్డనే జనం బతుకుల్లోకి బాగా చొచ్చుకొచ్చింది. ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి ప్లేగు రాకుండా 18వ శతాబ్దంలో ఆస్ట్రియా సరిహద్దు పొడవునా కాపలా పెట్టింది. ప్రయాణికులను మామూలు సమయంలోనే 21 రోజులు ఆపేవారు. దూది, ఉన్ని బేళ్లను వారాల తరబడి గోదాముల్లో ఉంచి, కూలి ఇచ్చి పేద రైతులను వాటి మీద పడుకోబెట్టేవారు. వాళ్లకు జబ్బు చేయకపోతేనే సరుకు కదిలేది. ఆ కాపలా 1871 దాకా సాగింది. దాని ఘనత చెప్పుకునేటప్పుడు, బేళ్ల మీద పడుకున్న ఆ మనుషుల్ని వదిలేయడం అన్యాయం.

1821లో స్పెయిన్ నగరం బార్సిలోనాలో ఎల్లో ఫీవర్ ప్రబలింది. వెంటనే ఫ్రాన్స్ తన స్పెయిన్ సరిహద్దులోని పిరనీస్ కొండల వెంట సైన్యాన్ని నిలిపింది. ఆ జ్వరాన్ని మోసేది దోమ అని 1900లో క్యూబాలో అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందం నిరూపించేదాకా గట్టిగా తెలియలేదు. తుపాకులతో దోమల్ని ఆపలేం కదా! అయితే జ్వరం తగ్గినా సైన్యం ఇంటికి పోలేదు. పేరు మార్చుకుని, 1823లో స్పెయిన్‌లోకి నడిచి, అక్కడి రాజు ఏడో ఫెర్డినాండ్‌ను మళ్లీ నిరంకుశ రాజుగా నిలబెట్టింది. రోగం పేరు చెప్పి కాపలా పెడితే, అది ఎప్పుడు తీస్తారో కూడా అప్పుడే అడగాలి.

అక్కడి నుంచి మాట రాజకీయాల్లో స్థిరపడింది. 1919లో ఫ్రాన్స్ ప్రధాని క్లెమెన్సో రష్యా విప్లవం పడమటికి పాకకుండా ‘ఆరోగ్య కార్డన్’ కావాలన్నాడు. బెల్జియంలో తీవ్ర మితవాద (ఫార్ రైట్) పార్టీతో పొత్తు పెట్టుకోకూడదన్న మిగతా పార్టీల కట్టుబాటునూ ఇదే పేరుతో పిలుస్తారు.