మే నెల ఎండ, చల్లటి నేల

చల్లటి దేశాల్లో తోట పెంచేవాళ్లకి మే నెల వచ్చిందంటే చేతులు ఊరుకోవు. పగలు ఎండ హాయిగా ఉంటుంది. నర్సరీల్లో టమాటా, మిరప, వంగ నారు ఊరిస్తూ కనబడుతుంది. కొనుక్కొచ్చి సాయంత్రానికల్లా నాటేయాలనిపిస్తుంది. కానీ ఆ మొక్క బతుకు ఆధారపడేది మధ్యాహ్నం ఎండ మీద కాదు. వేళ్లు దిగే మట్టి ఎంత వెచ్చగా ఉంది, రాత్రి ఎంత చలి దిగుతోంది అన్నవే అసలు లెక్క. ఈ రెండూ ఎండ కన్నా కొన్ని వారాలు వెనక నడుస్తాయి.

నేల ఎందుకు ఆలస్యం చేస్తుందంటే, దాన్లో ఉన్న నీరు వల్ల. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి, కిలో పొడి మట్టికి పట్టే వేడికి సుమారు ఐదు రెట్లు కావాలి. చలికాలమంతా తడిసి ఉన్న బంకమట్టి అందుకే అంత త్వరగా వేడెక్కదు. నీరు తొందరగా ఇంకిపోయే ఇసుక నేల, ఎత్తు మడులు ముందుగా సిద్ధమవుతాయి. ఇలాంటప్పుడు మట్టి మీద మందంగా గడ్డి పరిచేవాళ్లుంటారు. వేసవిలో అది మంచి పనే కానీ ఇప్పుడు చేస్తే ఎండను మట్టికి తగలనివ్వకుండా ఆపేస్తుంది. నేల వెచ్చబడేదాకా ఆ గడ్డిని పక్కన పెట్టడమే మేలు.

మట్టి వేడిని చేత్తో ముట్టుకుని చెప్పలేం. సన్నటి థర్మామీటర్‌ని ఐదు నుంచి పది సెంటీమీటర్ల లోతుకి గుచ్చి, నాలుగైదు రోజులు వరసగా పొద్దున్నే చూడాలి. మధ్యాహ్నం చూస్తే అంకె మురిపిస్తుంది, అంతే. బఠాణీ, పాలకూర, లెట్యూస్ విత్తనాలు 5 డిగ్రీల దగ్గరే మొలకెత్తుతాయి, కాకపోతే నింపాదిగా. బీన్స్‌కి 12 నుంచి 15 డిగ్రీలు కావాలి. దోస, గుమ్మడి జాతులకి ఇంకాస్త ఎక్కువుంటేనే మంచిది.

బీన్స్ తొందరపడి వేస్తే ఏమవుతుందో తవ్వి చూస్తే తెలుస్తుంది. గింజ ఉబ్బి ఉంటుంది, పైతోలు ఊడొస్తుంది, నొక్కితే మెత్తగా పిసికినట్టవుతుంది, వాసన కూడా వస్తుంది. ఎండిన గింజలో కణాల పొరలు చెదిరి ఉంటాయి. నీరు తగలగానే అవి మళ్లీ సర్దుకోవాలి. చల్లటి నీరు ఒక్కసారిగా లోపలికి వస్తే అంత త్వరగా సర్దుకోలేవు. లోపలున్న చక్కెరలు బయటికి కారిపోతాయి. మట్టిలోని బూజు వాటి కోసమే కాచుకుని ఉంటుంది.

నాటిన టమాటాకీ దాదాపు ఇదే సమస్య. గడ్డకట్టేంత చలి అక్కర్లేదు, 10 డిగ్రీల లోపు రాత్రులు వరసగా వస్తే చాలు. చలికి కొబ్బరినూనె పేరుకున్నట్టు కణాల పొరల్లోని కొవ్వు బిగుసుకుపోతుంది, లోపలి పనులు మందగిస్తాయి. వేళ్లు భాస్వరాన్ని సరిగ్గా లాగలేవు, ఆకు అడుగున ఊదారంగు తేలుతుంది. అది చూసి ఎరువు వేసేవాళ్లుంటారు. దానికి కావాల్సింది ఎరువు కాదు, వెచ్చదనం. ఇలా బిగుసుకుపోయిన మొక్కని, రెండు వారాలు ఆగి నాటినది చాలాసార్లు దాటిపోతుంది.

ఫ్రాస్ట్, అంటే రాత్రి నేల దగ్గర చలి సున్నాకి దిగి మంచు పేరుకోవడం, దాని సంగతి వేరు. మబ్బులు, గాలి లేని రాత్రి నేలా ఆకులూ తమ వేడిని ఆకాశంలోకి వదిలేస్తాయి. అప్పుడు ఆకు తన చుట్టూ ఉన్న గాలి కన్నా కూడా చల్లబడుతుంది. వాతావరణ కేంద్రాల్లో ఉష్ణోగ్రత కొలిచేది నేలకి సుమారు ఒకటింబావు నుంచి రెండు మీటర్ల ఎత్తున. అందుకే ఫోన్‌లో 3 డిగ్రీలని చూపించిన రాత్రి కూడా నేల దగ్గర సున్నా కావచ్చు. ఇంకో విచిత్రం ఉంది. శుభ్రమైన ఆకులో నీరు సున్నా కిందికి దిగినా వెంటనే గడ్డకట్టదు. కానీ ఆకుల మీద ఉండే సూడోమోనాస్ సిరింజే అనే బ్యాక్టీరియా మంచు పలుకులు పుట్టడానికి తావిస్తుంది, మైనస్ 2 దగ్గరే పని మొదలవుతుంది. కణాల మధ్య ఏర్పడిన మంచు లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. తెల్లారేసరికి ఆకు ఉడికించినట్టు వాలి, ఎండ ఎక్కేకొద్దీ నల్లబడుతుంది.

అలాంటి రాత్రి వస్తుందనుకుంటే సూర్యుడు దిగకముందే పల్చటి గుడ్డ కప్పాలి. నేల వేడిని పట్టి ఉంచడమే దాని పని కాబట్టి, చీకటి పడి వేడి పోయాక కప్పితే లాభం తక్కువ. పొద్దున మట్టికి నీళ్లు పెట్టడం కూడా మంచిదే. నేలను ఆలస్యంగా వేడెక్కనిచ్చే ఆ నీరే పగటి వేడిని దాచుకుని రాత్రికి వదులుతుంది. చల్లటి గాలి బరువెక్కువ, పల్లంలోకి జారి నిలుస్తుంది. కాబట్టి లేత మొక్కల్ని వాలు కింద కాకుండా, ఎండ పడే గోడ పక్కన పెట్టాలి.

మధ్య ఐరోపాలో మే 11 నుంచి 15 దాకా వచ్చే రోజుల్ని ‘మంచు సెయింట్లు’ అంటారు. ఒక్కో రోజుకి ఒక్కో క్రైస్తవ సెయింట్ పేరు, మామెర్టస్‌తో మొదలై చివర సోఫీ వస్తుంది. ఆమె దాటేదాకా లేత నారు బయట పెట్టొద్దని పాతకాలం మాట. సరిగ్గా ఆ తేదీల్లోనే చలి వస్తుందని నేననుకోను. పైగా 1582లో క్యాలెండర్ మార్చినప్పుడు పది రోజులు ఎగిరిపోయాయి, అంతకుముందు పుట్టిన సామెతైతే ఇప్పటి లెక్కలో మే చివరి వారంవైపు జరుగుతుంది. సగటు ‘చివరి ఫ్రాస్ట్ తేదీ’ని కూడా జాగ్రత్తగానే వాడాలి. సగటు అంటేనే, దాదాపు సగం ఏళ్లలో దాని తర్వాత కూడా ఫ్రాస్ట్ పడిందని.

ఈ ఆగే రోజుల్లో నారుని బయటికి అలవాటు చేయొచ్చు. కిటికీ అద్దం వెనక పెరిగిన ఆకుకి మైనపు పొర పల్చన, అద్దం ఆపేసే అతినీలలోహిత కిరణాలు దానికి కొత్త. నేరుగా ఎండలో పెడితే తెల్లగా పాలిపోతుంది. మొదట నీడలో గంటో రెండు గంటలో ఉంచి, వారం పది రోజుల్లో రోజంతా బయట ఉండేలా పెంచుతూ పోవాలి.

పాలకూరకి మాత్రం ఈ ఓపిక పనికిరాదు. పగలు 14 గంటలు దాటిందంటే ఆకులు మాని పూతకి ఎక్కుతుంది. ఉత్తరాన ఎంత పైకి వెళ్తే అంత త్వరగా ఆ గడువు ముగుస్తుంది, మే చివరలో విత్తితే ఆకు చేతికొచ్చేలోపే కాడ లేస్తుంది. దాన్ని ఏప్రిల్ మొదట్లోనే వేసి ఉంటే, జూన్ వచ్చేసరికి కోసేసి ఆ మడిలో బీన్స్ పెట్టొచ్చు. అప్పటికి మట్టి 15 దాటి ఉంటుంది.