రోవర్‌కు జాయ్‌స్టిక్ లేదు బాబూ: అంగారక రోవర్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: భూమ్మీద కూర్చుని, వీడియో చూస్తూ నడుపుతారు.

కాలేజీ రోవర్ ప్రాజెక్టులను ముంచేది ఇదే. డబ్బంతా లైవ్ కెమెరాకూ రిమోట్‌కూ పోతుంది, చక్రం జారుతోందో లేదో చెప్పే ఏర్పాటు ఒక్కటీ ఉండదు. చంద్రుడి మీది ప్రజ్ఞాన్‌కు సిగ్నల్ 1.3 సెకన్లలో చేరింది. అంగారకుడికి ఒకవైపే 3 నుంచి 22 నిమిషాలు. గుంత చూసి బ్రేకు వేసేలోపు రోవర్ అందులోనే ఉంటుంది.

జరిగేది ఇదీ. రోవర్ రెండు కెమెరాలతో జంటగా తీసిన స్టీరియో ఫొటోలు, అంగారకుడి చుట్టూ తిరిగే ఆర్బిటర్ల ద్వారా వస్తాయి. వాటితో నేల 3డీ నమూనా కట్టి, దారిని సిమ్యులేటర్‌లో నడిపి చూసి, ఆ రోజు ఆదేశాలన్నీ ఒకేసారి పంపుతారు. వెంట హద్దులూ వెళ్తాయి: ఇంత ఒరిగితే ఆగు, మోటారు ఇంత కరెంటు లాగితే ఆగు, ఇంతకు మించి జారితే ఆగు. నాసా రోవర్ పర్సెవరెన్స్ చాలామటుకు దారి తానే వెతుక్కుంటుంది, హద్దులు మాత్రం ఇక్కడివే.

2005 ఏప్రిల్‌లో నాసా రోవర్ ఆపర్చునిటీ చక్రాల చుట్లు లెక్కపెట్టుకుంటూ 90 మీటర్లకు బయల్దేరింది. సుమారు 40 మీటర్ల దగ్గర ఇసుకమేటలో దిగబడింది. చుట్లు పడుతున్నాయి కాబట్టి దాని లెక్కలో అది వెళ్తూనే ఉంది! మిగతా 50 మీటర్లూ ఉన్నచోటే తిప్పింది. బయటపడటానికి ఐదు వారాలు. 192 మీటర్లకు సరిపడా చక్రాలు తిప్పితే కదిలింది మీటరు లోపే. అందుకే ఇసుకలో కాస్త కాస్త దూరానికి ఆగి, ముందు వెనక ఫొటోలు పోల్చి, నిజంగా ఎంత కదిలిందో చూసుకోవాలి. విజువల్ ఓడోమెట్రీ అంటే అదే. మీ ప్రాజెక్టులో ముందు దీనికి డబ్బు పెట్టండి.

"క్యూరియాసిటీకి పంక్చర్." ఈ నాసా రోవర్ చక్రాలకు ట్యూబే లేదు. 0.75 మి.మీ. అల్యూమినియం రేకును మొనదేలిన రాళ్లు చీల్చాయి. పర్సెవరెన్స్‌కు రేకు మందం పెంచారు.

"అణు రియాక్టర్, పేలుతుంది." కాదు. క్యూరియాసిటీ, పర్సెవరెన్స్‌లలో ఉన్నది రియాక్టర్ కాదు, 4.8 కిలోల ప్లుటోనియం డయాక్సైడ్ వేడి నుంచి మొదట్లో 110 వాట్లు. రెండు మామూలు సీలింగ్ ఫ్యాన్లకు చాలదు.

"రెండు వారాలుగా సిగ్నల్ లేదు, పోయింది." దాదాపు 26 నెలలకోసారి భూమికీ అంగారకుడికీ మధ్య సూర్యుడు అడ్డొస్తాడు, ఆదేశాలు ఆపేస్తారు. ఫార్వర్డ్ చేసేముందు క్యాలెండర్ చూడండి.

ఆపర్చునిటీ చివరి మాట, "బ్యాటరీ తగ్గింది, చీకటి పడుతోంది"? చదివి కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలను ఏమీ అనలేం. కానీ రోవర్ వాక్యాలు పంపదు. అది ఒక విలేకరి చెప్పిన సారాంశం. 2018 జూన్ 10న వచ్చినవి అంకెలు: విద్యుత్తు 22 వాట్-అవర్లు, గాలిలోని ధూళి ఎండను ఎంత అడ్డుకుంటోందో చెప్పే ధూళి సూచిక 10.8.