వెండి రూపాయిని నీళ్లలో తూచి చూడండి

తాతగారి బీరువా అడుగున గుడ్డమూటలో పాత వెండి రూపాయలు దొరికితే మన ఇళ్లలో మొదట జరిగే పని, వాటిని చింతపండు పెట్టి తళతళా తోమడం. ఆ తర్వాత ఫోన్‌లో వీడియోలు చూసి, ఒక్కోటి లక్షలు పలుకుతుందని అన్నదమ్ములంతా లెక్కలు వేసుకోవడం. రెండూ వద్దు.

ముందు తోమడం సంగతి. వెండి మీది నలుపు మురికి కాదు. గాలిలో అతి కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. పొర పల్చగా ఉన్నప్పుడు లేత పసుపు, ఇంకాస్త పెరిగితే ఊదా, నీలం ఛాయలు, బాగా మందమైతే నలుపు. వాన నీటి మీద పెట్రోలు చుక్క పడితే రంగులు తేలినట్టే, ఇక్కడ కూడా పల్చని పొరలో కాంతి చేసే ఆటే ఇది. ఆ పొర కింద ఇంకో విలువైనది ఉంటుంది. టంకశాలలో అచ్చు బలంగా పడ్డప్పుడు లోహం పక్కలకు జరిగి, కంటికి కనిపించనంత సన్నని గీతలు ఏర్పడతాయి. నాణేన్ని వెలుతురులో తిప్పితే మెరుపు చుట్టూ తిరిగినట్టు అనిపించేది వాటి వల్లే. ఒక్కసారి పీచుతో రుద్దితే అవి పోతాయి, మళ్లీ రావు. నాణేలు సేకరించేవాళ్లు తోమిన రూపాయిని చూడగానే పోల్చుకుంటారు, ధర తగ్గించేస్తారు. మట్టి అంటుకుని ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దితే చాలు.

తర్వాత వేరుచేయడం. దీనికి అయస్కాంతం ఒకటి, గ్రాములో నూరో వంతు చూపించే చిన్న నగల త్రాసు ఒకటి ఉంటే సగం పని అయిపోయినట్టే. వెండి అయస్కాంతానికి అంటదు. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి టక్కున అంటుకుంటుంది. అది నకిలీ కాదు, నికెల్‌తో చేసింది. వెండి మూటలో పొరపాటున కలిసిపోయి ఉంటుంది, పక్కన పెట్టండి.

మిగిలినవాటిలో అసలు గీత 1940 దగ్గర ఉంది. 1835 నుంచి ఆంగ్లేయులు ఒకే తీరున ముద్రించిన రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. పాతకాలం వాళ్లు రూపాయెత్తు అనేది ఈ బరువునే. అందులో వెండి 91.7 శాతం, మిగతాది రాగి. నాల్గవ విలియం, విక్టోరియా రాణి, బొమ్మలో కిరీటం లేని ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జి, వీళ్లందరి రూపాయలూ ఈ లెక్కలోవే. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పద్ధతి నిలవలేదు. 1940లో ఫ్రాన్స్ ఓడిపోయాక జనం టెన్షన్‌తో నోట్లు ఇచ్చేసి వెండి రూపాయలు తీసుకుని దాచుకోవడం మొదలుపెట్టారు. ప్రభుత్వం ఒక రూపాయి నోటు తెచ్చింది, రూపాయి నాణెంలో వెండిని 50 శాతానికి దించింది. మిగతా సగంలో 40 పాళ్లు రాగి, ఐదు నికెల్, ఐదు జింకు. బరువు మార్చలేదు. అందుకే ఆరో జార్జి 1938 రూపాయినీ 1942 రూపాయినీ చేతిలో పెడితే ఒక్క చూపులో తేడా తెలియడం కష్టం. కరిగిస్తే మాత్రం మొదటిదానిలో 10.69 గ్రాముల శుద్ధ వెండి, రెండోదానిలో 5.83 గ్రాములు.

సంవత్సరం చదవగలిగితే సరే. అరిగిపోయినవాటినీ అనుమానం ఉన్నవాటినీ ఏం చేయాలి? బరువు ఒక్కటీ సరిపోదు, ఎందుకంటే చేతులు మారి మారి అరిగిన అసలు రూపాయి కూడా తక్కువ తూగుతుంది. అరిగినా మారనిది సాంద్రత. ఆ చిన్న త్రాసు తప్ప వేరే పనిముట్లు లేకుండా ఇంట్లోనే దాన్ని కొలవొచ్చు. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. రూపాయిని సన్నని దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకు గానీ అంచుకు గానీ తగలకుండా వేలాడదీయండి. ఇప్పుడు త్రాసు చూపించేది నాణెం తొలగించిన నీటి బరువు. బయట తూచిన బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. అరగని పాత రూపాయికి నీటి బరువు 1.13 గ్రాముల దగ్గర ఉంటుంది, సాంద్రత 10.3. సగం వెండి రూపాయికి 1.22, సాంద్రత 9.5. జర్మన్ సిల్వర్ అనే వెండి లేని మిశ్రమంతో చేసిన దొంగ నాణేనికి సాంద్రత 9 కూడా దాటదు. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, ఒకసారి తడిపి విదిలించండి. ఒకే రకానివి ఐదారు కలిపి తూస్తే ఫలితం ఇంకా నమ్మకంగా ఉంటుంది. గీటురాయి మీద గీస్తే నాణెం మీద గాటు పడుతుంది, ఈ పద్ధతిలో తడి తప్ప ఏమీ మిగలదు.

తెలంగాణ ఇళ్ల మూటల్లో వేరే రూపాయి కూడా ఉంటుంది. చార్మినార్ బొమ్మ, చుట్టూ ఉర్దూ, ఫార్సీ అక్షరాలు ఉన్న నిజాం హాలీ సిక్కా. ఇది 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, సాంద్రత 10.2కు కాస్త అటూ ఇటూ. 1940ల నాటి వాటిలో ఇదీ సగం వెండికి దిగింది. మీద ఉన్నది హిజ్రీ సంవత్సరం. 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్క వస్తుంది, 1337 అంటే దాదాపు 1919 అన్నమాట. ఆంగ్ల రూపాయి అనుకుని వీటిని తూస్తే అరగ్రాము తక్కువని కంగారు పడతారు.

ధర విషయానికొస్తే, లెక్క తేలిక కోసం గ్రాము వెండి 100 రూపాయలు అనుకుందాం. పాత రూపాయిలో లోహం విలువ 1,069, హాలీ సిక్కాలో 915, యుద్ధకాలపుదానిలో 583. అసలు మెట్టు ఇది. దీని మీద ఎంత వస్తుందనేది అరుదుదనం, అరుగుదల తేలుస్తాయి. వయసుకు ఇందులో పెద్ద పాత్ర లేదు. 1862 అని ఉన్న రాణి రూపాయి చాలా పాతదే, కానీ అదే సంవత్సరం వేసి పదేళ్లకు పైగా ముద్రించారు. 1918, 1919 జార్జి రూపాయలైతే కోట్లలో ఉన్నాయి. అప్పటి యుద్ధంలో ఇండియాలో వెండికి కటకట వస్తే, అమెరికా 27 కోట్ల వెండి డాలర్లు కరిగించి అందులో చాలా భాగం ఇక్కడికి పంపింది. మీ మూటలోని 1919 రూపాయి అంతకుముందు డాలరై ఉండొచ్చు. అయినా సేకరించేవాళ్లు దానికి ఎగబడరు. 1911 రూపాయి వేరు. రాజు అంగీ మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని జనం గొడవ చేయడంతో చాలావాటిని కరిగించారు, 1912లో బొమ్మ సరిచేశారు. 1939 రూపాయి వీటన్నిటికంటే అరుదు. అందుకే 1938లో 8ని చెక్కి 9 చేసి అమ్మేవాళ్లున్నారు. సాంద్రత ఇక్కడ ఏ సాయమూ చేయదు, భూతద్దమే దిక్కు. తాడు కోసం చిల్లు పెట్టినవీ, కొక్కెం అతికించినవీ ఎంత అరుదైనా దాదాపు వెండి ధరకే పోతాయి.

ఇక రామ పట్టాభిషేకం, హనుమంతుడు ఉండి, ఈస్టిండియా కంపెనీ పేరుతో 1818 అని ఉన్న బిళ్లలు. కంపెనీ అలాంటి నాణేలు ఎప్పుడూ ముద్రించలేదు. పూజలో పెట్టుకోండి, అమ్మకానికి తిరగకండి. పాత నాణేలు కొంటామని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఫీజు అడిగేవాళ్ల గురించి 2021లో ఆ బ్యాంకే హెచ్చరించింది. నాణెం కొనేవాడు మీకు డబ్బు ఇవ్వాలి గానీ మీ దగ్గర అడగడు.

పంపకాల్లో అమెరికాలో ఉన్న పిల్లలకు వాటా వచ్చినప్పుడు ఇంకో చిక్కు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. 1922 దాకా ఉన్న జార్జి రూపాయలన్నీ ఇప్పుడు ఆ లెక్కలోకి వస్తాయి. కాబట్టి పంచేటప్పుడు పాతవి ఇక్కడ ఉండేవాళ్లకూ, 1940ల నాటివి విమానం ఎక్కేవాళ్లకూ రాసి, లోహం విలువలో తేడాను డబ్బుతో సరిచేసుకోవడం మేలు.